దొరవారి పిడుదులు

జూన్ 3, మంగళవారం

దొర చెవి వెనకాల ఒక పిడుదు కనిపించింది. బూడిదరంగులో ఉబ్బి, నానిన ఉలవగింజలా ఉంది. పెరికి బాత్‌రూములో పారేసి బకెట్ నీళ్ళు కుమ్మరించాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఈయన విజయనగర రాజుల నుంచి మొదలుపెడతారు. అవతల పొయ్యి మీద సాంబారు ఉంది.

జూన్ 5

మళ్ళీ. ఈసారి కాలివేళ్ళ సందుల్లో. ఇదీ చెప్పలేదు. కుక్క ఆయనది, నాది కాదు.

జూన్ 8, ఆదివారం

ఇక దాచడానికి లేకపోయింది. పొద్దున లేచేసరికి మా అత్త తాయమ్మాళ్, తన దుప్పటి మీద పాకుతున్న పిడుదును రెండు వేళ్ళతో పట్టుకుని కూర్చుని ఉంది.

"గోమారి కదే ఇది! ఎన్నాళ్ళాయె చూసి!" అంది, చిన్ననాటి స్నేహితురాలు ఎదురైనట్టు. ఆవిడ పుట్టిల్లు మదురై పక్క మేలూరు దగ్గర. అక్కడ గొడ్లూ గోమార్లూ సమానంగా పెరిగాయట.

టిఫిను దగ్గర ఈయనతో అన్నాను. "దొరకు పిడుదులు పట్టినాయి."

ఇడ్లీ ముక్క చేతిలోనే ఆగిపోయింది. పిడుదును ఈయన తమిళంలో ఉణ్ణి అంటారు. "మన దొరకా? ఉణ్ణియా? ఏమి మాట చారూ అది! ఉణ్ణి పట్టేది వీధి కుక్కలకు. జాతి కుక్క తోలు మీద అది నిలవనే నిలవదు."

"నిలిచినాయి. నేనే పెరికినాను."

"అట్లంటే ఎదురింటి కుక్క నుంచి వచ్చుంటాది."

ఇందుకే చెప్పనిది. మా ఆయన నటరాజన్‌కు వెట్ గ్రైండర్ల ఫ్యాక్టరీ వృత్తి, మా నాయుళ్ళ సంఘం అధ్యక్షత జబ్బు. పోయిన ఏడు రాజపాళయం వెళ్ళి ఈ తెల్ల వేటకుక్కను తెచ్చారు. దీని తాతముత్తాతలు మన తాతముత్తాతలతో కలిసి విజయనగర సైన్యం వెంట నడిచి వచ్చారని కోయంబత్తూరులో మా ఆర్.ఎస్. పురం అంతా చాటారు. చూసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు గనుక కాదనేవాళ్ళు లేరు. దొర అని పేరు పెట్టారు. దాని వంశపత్రికకు ఫ్రేము కట్టించి, హాల్లో మా వంశవృక్షం పక్కనే తగిలించారు. మా వంశవృక్షంలో ఆడవాళ్ళ పేర్లు లేవు. దొర పత్రికలో తల్లి, అమ్మమ్మ, ఆమెను కన్న తల్లి, అందరూ ఉన్నారు.

తెలుగులో రాసుకుంటున్నాను కాబట్టి నాకు నిశ్చింత. నేను తిరుపతిలో అమ్మమ్మ దగ్గర చదువుకున్నాను. సంఘాధ్యక్షులకు తెలుగు నోటివరకే. అక్షరాలు చూస్తే జిలేబీలంటారు. "తెలుగు మన తల్లి" అనే ఉపన్యాసాన్ని కూడా తమిళ లిపిలో రాసుకుని చదువుతారు.

జూన్ 9

ఎదురిల్లు మురుగేశన్‌ది. మా సంఘానికి కార్యదర్శి. తాను వేరేచోట ఉంటూ ఇది అద్దెకిచ్చాడు. అందులో ఉండే కృత్తిక బ్యాంకులో పనిచేస్తుంది. మావాళ్ళ పిల్లే, మేలూరు. మొగుడు యేసుదాస్ కాలేజీలో పాఠాలు చెబుతాడు. అతను మావాడు కాడు. ఆ సంగతి పేరులోనే తెలుస్తుంది. పేరులో తెలియనిది కూడా కనుక్కోవాలని ఈయన నెలరోజులు పాటుపడ్డారు.

వాళ్ళ కుక్క బజ్జీ. గాంధీపురం బస్టాండు దగ్గర బజ్జీల బండి కింద కూనగా దొరికిందట. ఇప్పుడు దూడంత ఉంది. డబ్బాల్లో మిగిలిన రంగులన్నీ పూసేసినట్టు ఒంటినిండా మచ్చలు.

ఈయన రాత్రే మురుగేశన్‌కు ఫిర్యాదు పంపారు. ఎదురింటి వీధికుక్క వల్ల వీధి మొత్తానికి రోగాలట.

సాయంత్రం కృత్తిక గేటు దగ్గర పలకరించింది. "రాండి ఆంటీ, ఒక గుక్క కాఫీ తాగి పోదురు."

పని ఉందన్నాను. నిజంగానే ఉంది. ఏం పనో ఇప్పుడు గుర్తు రావడం లేదు. నాకైతే అలాంటి పట్టింపులేం లేవు.

జూన్ 14, శనివారం

ప్రకృతి వైద్యం మొదలైంది. సంఘం వాట్సాప్‌లో ఎవరో పంపారు: వేపనూనె, పసుపు, కర్పూరం కలిపి పట్టించాలి. దొర తెల్లగా ఉండటమే దాని గొప్ప. ఇప్పుడు నలుగు పెట్టిన పెళ్ళికొడుకులా ఉంది.

"తాళి ఒకటే తక్కువ," అంది అత్త.

నేను డాక్టరు దగ్గరికి తీసుకుపోదామన్నాను. నెలకొక మాత్ర వేస్తే పిడుదులు చేరవట, కృత్తిక చెప్పింది. ఈయన కళ్ళెర్రజేశారు. "కెమికల్! దొర ఒంట్లోకి కెమికల్ పోనియ్యను."

ఈయన పొద్దున్నే బీపీకొకటి, చక్కెరకొకటి, గుండెకొకటి మింగుతారు. అవి ఏ చెట్టుకు కాస్తాయో నేను అడగలేదు.

జూన్ 17

పసుపు సోఫాకు అంటింది. పిడుదులు కూడా.

జూన్ 19

వంశవృక్షం ఫ్రేము వంకరగా ఉందని సర్దబోయాను. దాని వెనకాల గోడ పగులులో పిడుదుల సంసారం. పెద్దవి, నడితరానివి, ఆవగింజలో సగం కూడా లేని పిల్లలు. శాఖోపశాఖలుగా ఉన్నారు. ముందువైపు మాది, వెనకవైపు వాళ్ళది. వాళ్ళదాంట్లో ఆడవాళ్ళే పెద్దలు.

ఈయన్ని పిలిచి చూపించాను. చాలాసేపు చూశారు. "ఫ్రేము ఎదురింటి వైపు గోడకు వుండాది గదా," అన్నారు.

జూన్ 21

దొర తిండి ముట్టలేదు. మాంసం వేసినా మూతి తిప్పుకుంది.

"ఈపొద్దు ఏకాదశి," అన్నారు ఈయన, కళ్ళు చెమర్చేంత గర్వంగా. "ఉత్తమ జాతి కుక్కలు వాటంతట అవే ఉపవాసం వుంటాయి."

జూన్ 23

ద్వాదశి వెళ్ళింది. త్రయోదశి కూడా. దొర ఇంకా ఉపవాసంలోనే ఉంది.

జూన్ 26

దాని చిగుళ్ళు తెల్లగా ఉన్నట్టనిపించింది. ట్యూబులైటు వెలుతురు అయివుంటుంది.

జూన్ 27

పగటి వెలుతురులో చూశాను. తెల్లగానే ఉన్నాయి. ఎల్లుండి సంఘం మహానాడు. అది అయ్యాక డాక్టరు దగ్గరికి పోదామన్నారు. నేను సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో తెలియదు. రెండు రోజులకు ఏమవుతుందిలే అనుకున్నాను.

జూన్ 29, ఆదివారం

ఏమవుతుందో చూశాను.

మహానాడు గాంధీపురంలోని కల్యాణ మండపంలో. మదురై నుంచి రెండు బస్సుల్లో వచ్చారు. దొరను ఊరేగింపుగా వేదిక ఎక్కించాలని ఈయన ముచ్చట. పసుపు పూర్తిగా పోలేదని పొద్దున్నే ముఖానికి కొట్టుకునే పౌడరు డబ్బా ఒకటి దాని మీద ఖాళీ చేశారు. మెడకు జరీ అంచు పట్టు కండువా. అది నిలబడలేక నా కాలికి ఆనుకుంటోంది. ఒళ్ళు కాలిపోతోంది. నా పట్టుచీర మీంచి కూడా ఆ వేడి తెలిసింది.

"వద్దండీ. నిలవలేకపోతావుంది," అన్నాను.

"జనం చూసి సిగ్గుపడతా వుండాది," అన్నారు.

వేదిక మీద ముఖ్య అతిథి ఒక రైస్‌మిల్లు యజమాని. మల్లెపువ్వులాంటి పంచె కట్టి కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. దొరను తీసుకుపోయి ఆయన కాళ్ళ దగ్గర నిలబెట్టారు. ఈయన మైకు అందుకున్నారు. తమిళ లిపిలోంచి తెలుగు ధారగా వచ్చింది. "ఐదు వందల యేండ్లు! ఎక్కడా కల్తీ లేదు! మనమూ అంతే, ఈ దొరా అంతే! ఎవురు వచ్చినా, ఏ కాలం వచ్చినా, మన రక్తం పరిశుద్ధ రక్తం!"

చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడుకు కాబోలు దొర తల విదిలించింది. దాని ముక్కులోంచి రక్తం చిమ్మి ముఖ్య అతిథి పంచె మీద పడింది. పరిశుద్ధమైనదే. ఎర్రగా కూడా లేదు, నీళ్ళు కలిపినట్టుంది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. దొర ముందుకాళ్ళు మడిచి, కండువాతో సహా పక్కకు ఒరిగిపోయింది.

ఒక్క మనిషి కదల్లేదు. ఫోటోలు మాత్రం తీశారు. ఈయన మైకు పట్టుకునే ఉన్నారు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. పెళ్ళయినప్పటి నుంచి అలా చూడటం ఇదే మొదలు. నేను వేదిక ఎక్కి కుక్కను ఎత్తబోయాను. నా వల్ల కాలేదు. అప్పుడు ఈయన మైకు కింద పడేసి, దొరను రెండు చేతులా ఎత్తుకుని, మెట్లు దిగి కారు దాకా పరిగెత్తారు. పట్టుచొక్కా నిండా రక్తమూ పౌడరూ. దారంతా "దొరా, దొరా, నాయనా" అంటూనే ఉన్నారు. అది రాయకపోతే అన్యాయం.

డాక్టరు త్రిష చిన్నపిల్లలా ఉంది. ఈయన మొదట పెద్ద డాక్టరు ఎక్కడన్నారు. ఆమె ఆ మాట విననట్టు దొర పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కి చూసింది, మెడ పట్టీ కింద వేలు పెట్టి ఒక పిడుదును బయటికి లాగింది. రక్తం తీసి పరీక్షకు పెట్టింది.

"పిడుదు జ్వరం అంకుల్. అది కుట్టినప్పుడు ఒక క్రిమి రక్తంలోకి దిగుతాది. రక్తాన్ని గడ్డ కట్టించే కణాలు పడిపోయినాయి, అందుకే ముక్కులో నుంచి కారింది. ఎర్ర కణాలు కూడా శానా తక్కువ వుండాయి. మందు ఇస్తాను. అది పని చేసేదాకా నిలవాలంటే రక్తం ఎక్కించాలి. ఈపొద్దే."

"ఒంటికి ఈ వాసన ఏమి?" అని మళ్ళీ అడిగింది.

"కర్పూరం," అన్నాను నేను.

"నాకితే విషం ఆంటీ అది."

ఈయన గోడ వైపు తిరిగారు. "రక్తం అంటే... రాజపాళయం కుక్క రక్తమే కావాల గదా?" అన్నారు.

"కుక్క అయితే చాలు అంకుల్. పెద్దది, ఆరోగ్యంగా వుండాల. టీకాలు వేసుండాల. పిడుదుల మందు తప్పకుండా వాడుతున్నదయితే మంచిది."

ఈయన ఫోను తీశారు. మహానాడులో జాతి కుక్కల యజమానులకు కొదవా? ఒకాయన, రక్తం తీస్తే కుక్క వేట మరిచిపోతుందన్నాడు. ఒకాయన భార్యనడిగి చెబుతానన్నాడు, ఆవిడ పక్కనే ఉండి వద్దంటోంది, మాకు వినిపించింది. ఇంకొకాయన గొంతు తగ్గించి, తన కుక్కకూ ఉణ్ణి పట్టిందని, ఈ మాట బయటికి పోనియ్యొద్దని బతిమాలాడు. మురుగేశన్ ఫోను ఎత్తనే లేదు. ముఖ్య అతిథికి పంచె వెతుకుతున్నాడు కాబోలు.

కుక్క తోక పట్టుకుని గోదావరి ఈదలేమంటారు. మేం నొయ్యల్ నది వాళ్ళం, అందులో ఈదడానికి నీళ్ళే ఉండవు. మునగడానికి మాత్రం ఎలాగో సరిపోయాయి.

నేను బయటికి వచ్చి ఆటో ఎక్కాను. కృత్తిక నంబరు నా దగ్గర లేదు. ఎదురెదురుగా రెండేళ్ళు. గేటు దగ్గర నిలబడి పిలిచాను. యేసుదాస్ లుంగీలో వచ్చి, "వాంగ ఆంటీ, ఉళ్ళే వాంగ," అన్నాడు. లోపలికి పోయే టైము కాదది. అక్కడే నిలబడి చెప్పాను. సగం చెప్పి ఆగాను. మిగతాది అతనే అందుకున్నాడు.

"రక్తం కావాలంటే బజ్జీ వుండాడు గదా, ఆంటీ." అతను కృత్తిక దగ్గర నేర్చుకుంటున్న తెలుగు. "ఒక నిమిషం. ప్యాంటు వేసుకొని వస్తా."

ఎందుకు, ఎవరికి, మీరేనా కంప్లైంట్ ఇచ్చింది, ఏమీ అడగలేదు.

క్లినిక్కులో బజ్జీ రక్తం పరీక్ష చేశారు. ఏ క్రిమీ లేదు. ప్రతినెలా మొదటి తేదీన మాత్ర వేస్తారట, వాకింగ్ నుంచి రాగానే చెవులూ వేళ్ళ సందులూ వెతుకుతారట. "రోగాల వీధికుక్క" రిపోర్టు శుభ్రంగా ఉంది. ఐదు వందల ఏళ్ళ కుక్క రిపోర్టు చదవడానికి డాక్టరుకు రెండు కాగితాలు పట్టాయి.

తర్వాత రెండు కుక్కల రక్తం చుక్క చుక్క కలిపి చూశారు. పొసిగింది. సంఘంలో పెళ్ళిళ్ళకు ఈయన చూసే పొంతనల కన్నా త్వరగా తేలిపోయింది.

యేసుదాస్ బజ్జీ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మెడ దగ్గర సూది గుచ్చినప్పుడు అది ఒకసారి మూలిగి, అతని చెయ్యి నాకింది. సంచీ నల్లగా నిండింది. పక్క గదిలో దాన్ని కొక్కేనికి తగిలించారు. సన్నటి గొట్టంలోంచి గాంధీపురం బస్టాండు చుక్క చుక్కగా విజయనగర సామ్రాజ్యంలోకి దిగింది.

అంతసేపూ ఈయన కారులోనే కూర్చున్నారు. చివరికి వచ్చి డాక్టరును పక్కకు పిలిచారు. నాకు వినిపించింది. "దీనివల్ల... జాతిలో ఏమీ తేడా రాదు గదమ్మా?"

డాక్టరు చేతి తొడుగులు తీసింది. "బతుకుతాది అంకుల్," అంది.

జూలై 2

దొర రెండు ముద్దలు తిన్నది. తోక కొంచెం ఊపింది. డాక్టరు ఇచ్చిన మాత్ర పెరుగన్నంలో దాచి పెడుతున్నాను. నెలంతా వెయ్యాలట. కెమికల్ అని ఎవరూ అనలేదు.

జూలై 6, ఆదివారం

పురుగుల మందు కొట్టేవాళ్ళు వచ్చారు. కుక్క మీద కనిపించేవి కొన్నేనట, మిగతావన్నీ గోడల్లో, పరుపుల్లో, కుర్చీల సందుల్లో ఉంటాయట. కుక్కకు మందు వేసి ఇంటిని వదిలేస్తే మళ్ళీ మొదటికే వస్తుందని డాక్టరు చెప్పింది. ఫ్రేములన్నీ దింపారు. పగుళ్ళు పూడ్చి సున్నం వేశారు. వంశవృక్షం ప్రస్తుతం బీరువా వెనకాల ఉంది. గోడ తెల్లగా, హాయిగా ఉంది.

జూలై 10

ఈయన కొత్త సిద్ధాంతం తయారు చేశారు. భోజనాల దగ్గర బయటపెట్టారు.

"ఆ బజ్జీ ముక్కు చూసినావా చారూ? ఆ నడుము చూసినావా? అది ఒట్టి వీధికుక్క కాదు. ఎప్పుడో ఏదో జమీను కుక్క దారి తప్పి గాంధీపురం వచ్చుంటాది. మన జాతే."

"బస్సులో వచ్చిందేమో," అంది అత్త, మజ్జిగ పోసుకుంటూ.

జూలై 13

సంఘం వాట్సాప్‌లో ఈయన ఉపన్యాసం. "పిడుదుల నివారణపై అధ్యక్షుల సూచనలు." నెలనెలా మందు వెయ్యండి, చెవులు చూడండి, కర్పూరం వాడకండి, జ్వరం వస్తే ఉపవాసమని ఊరుకోకండి. అన్నీ నిజాలే. ఎవరి కుక్క వల్ల నేర్చుకున్నారో, ఏ కుక్క రక్తంతో దొర బతికిందో ఎక్కడా లేదు. నూటికి పైగా చేతులు జోడించే బొమ్మలు వచ్చాయి.

జూలై 19, శనివారం

ఆడి మాసం వచ్చింది, తమిళవాళ్ళ ఆషాఢం. కృత్తిక గేటు దగ్గర కనిపించింది.

"ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు ఆంటీ. ఆడి పోగానే."

"ఏమిటికి?"

"వీధిలో కంప్లైంట్ వచ్చిందంట. బజ్జీ వల్ల అందరికీ ఉణ్ణి పట్టిందంట." నవ్వింది. "ఎవురు ఇచ్చినారో చెప్పలే."

నేను అయ్యో అన్నాను. అది చాలా సులువైన మాట. ఎవరితోనైనా అనొచ్చు, ఖర్చులేదు.

జూలై 20

ఈయన్ని అడిగాను. "మురుగేశన్‌కు ఒక ఫోను చెయ్యండి. తప్పుగా రాసినానని చెప్పండి."

"ఎట్లా చెప్పేది? అధ్యక్షుడు ఒకసారి రాసినాక వెనక్కి తీసుకుంటే మాట నిలుస్తాదా?"

"వాళ్ళ కుక్క రక్తం తీసుకున్నామండీ."

"దానికి థాంక్స్ చెప్పినాను గదా! బిస్కెట్లు కూడా పంపినాను." తర్వాత వేరే గొంతుతో అన్నారు. "చారూ, నేను ఫోను చేసినా ఆడు వినడు. కుక్క ఒక సాకు. ఆ పిల్ల మనవాళ్ళ పిల్ల. ఆ పిల్లోడు... నీకు తెలుసు గదా. మొదటి నుంచే మురుగేశన్‌ను అందరూ పొడుస్తా వుండారు."

"మీరు పొడిచినారా?"

టీవీ పెట్టారు.

జూలై 27

వాళ్ళు ఇల్లు వెతుకుతున్నారు. "పేరు చెప్పేదాకా ఇల్లు ఖాళీగా వుంటాది ఆంటీ," అంది కృత్తిక. "పేరు చెప్పినాక వాళ్ళ అణ్ణ కొడుకు వస్తా వుంటాడు."

కోయంబత్తూరులో అందరికీ ఇంతమంది అన్న కొడుకులున్నారని నాకు తెలియదు.

ఇది మా విషయం కాదు. మురుగేశన్ ఇల్లు, మురుగేశన్ ఇష్టం.

ఆగస్టు 1

దొరకు నెల మాత్ర వేశాను, పిడుదులు పట్టకుండా ఉండేది. బజ్జీకి కూడా ఈరోజే.

మా మేడ మీది పోర్షన్ రెండేళ్ళుగా ఖాళీ. మనవాళ్ళకే ఇవ్వాలని ఈయన పట్టు. మనవాళ్ళేమో అద్దె తగ్గించమంటారు. ఊరికే గుర్తొచ్చింది.

ఆగస్టు 4

మేడ మీద తుడిపించాను. దుమ్ము పట్టింది కాబట్టి.

ఆగస్టు 6

మేడ మీద కుళాయి బాగు చేయించాను. కారుతోంది కాబట్టి.

ఆగస్టు 7

మేడ మీద కిటికీకి దోమల తెర పెట్టించాను. ఎందుకంటే

ఆగస్టు 10, ఆదివారం

మధ్యాహ్నం అందరం తింటున్నాం. దొర బల్ల కింద నా కాళ్ళ మీద పడుకుని ఉంది. నోట్లోంచి మాట వచ్చేసింది.

"అత్తా, పై ఇల్లు కృత్తికావాళ్ళకు ఇస్తాము."

ఈయన అన్నం మింగడం మరిచిపోయారు. "ఏమి?"

"వాళ్ళకు ఇల్లు లేదు. మనకు వుండాది."

"పిచ్చా నీకు? సంఘంలో నా ముఖం ఎట్లా చూపించేది? నా ఇంట్లోనే..."

"ఇల్లు ఎవురి పేరున వుండాది నటరాజా?" అని అడిగింది అత్త. కోపంగా కాదు, పత్రాలు ఎక్కడ పెట్టారో మరిచిపోయి అడిగినట్టు.

ఇల్లు మామగారు అత్త పేరున కొన్నది.

"ఆ పిల్లోడు మన దొర కోసం కుక్కను తోలుకొని పరిగెత్తినాడు," అంది అత్త. "నీ సంఘం వాళ్ళు ఫోటో తీసినారు. నువ్వే చెప్పినావు గదా, బజ్జీ జమీను కుక్కని? జమీను కుక్కను వీధిలో నిలబెడతావా?"

నేను చెయ్యి కడుక్కుని తాళంచెవి తీసుకుని రోడ్డు దాటాను. గేటు తెరిచాను. మెట్లెక్కి లోపలికి వెళ్ళాను. వాళ్ళింట్లో నీలం రంగు గోడ, నిండా పుస్తకాలు, సగం కట్టిన అట్టపెట్టెలు. కృత్తిక తాళంచెవి చూసి ఏడ్చింది. నాకు ఏడ్చేవాళ్ళను ఓదార్చడం చేతకాదు. "ఆడిలో ఇల్లు మారరాదు, అత్త ఒప్పుకోదు. ఆవణి పుట్టిన దినమే రాండి," అని చెప్పాను. యేసుదాస్ కాఫీ కలిపి తెచ్చాడు. చక్కెర ఎక్కువైంది. అవునా కాదా అని తేల్చుకోవడానికి రెండో గ్లాసు కూడా తాగాను.

ఇన్నాళ్ళూ నాకు పట్టింపులు లేవని రాసుకున్నాను. సరే.

ఆగస్టు 17, ఆదివారం

వచ్చారు. పాలు పొంగించారు, యేసుదాస్ ఏదో ప్రార్థన చేశాడు, అత్త పసుపు కుంకుమ పెట్టింది. అన్నీ అయ్యాయి. ఈయన పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. ఆదివారం పూట. వచ్చేసరికి బజ్జీ, దొర హాల్లో చెరొక చివర నుంచి ఒకే చెప్పు లాగుతున్నాయి. అది ఈయన చెప్పే. రెండో చెప్పు తీసి పైన పెట్టుకున్నారు.

ఆగస్టు 18, సోమవారం

అనుకున్నట్టే మురుగేశన్ వచ్చాడు. వెంట సంఘం వాళ్ళు ఇద్దరు. కాఫీ ఇచ్చాను. గ్లాసులు బల్ల మీదే ఉన్నాయి. మేడ మీంచి మిక్సీ చప్పుడు వినిపిస్తోంది. మురుగేశన్ పైకి చూశాడు.

"అణ్ణా, పైన ఎవురో వచ్చినట్టు వుండారే? మనవాళ్ళేనా?"

ఈయన ముఖం చూశాను. మహానాడు వేదిక మీద చూసిన ముఖమే. నోరు తెరిచి ఉంది, మాట లేదు. అబద్ధం చెప్పడానికి వీల్లేదు, అందరికీ తెలిసే వచ్చారు. నిజం చెప్పడానికి అలవాటు లేదు.

అత్త తన మూల నుంచే అంది. "మనవాళ్ళే మురుగేశా. చుట్టాలు."

"చుట్టాలా? ఏ వైపు పెద్దమ్మా?"

"దొర వైపు," అంది అత్త. "రక్తసంబంధం."

మురుగేశన్ కాఫీ ముట్టకుండా లేచాడు. వెంట వచ్చినవాళ్ళూ లేచారు. గేటు దాకా సాగనంపడానికి ఈయన లేస్తారనుకున్నాను. కూర్చునే ఉన్నారు. వాళ్ళ కారు కదిలిన చప్పుడు విన్నాక మురుగేశన్ గ్లాసు దగ్గరికి లాక్కుని, చల్లారిపోయిన ఆ కాఫీ నెమ్మదిగా తాగేశారు.